బరంపురంలో షాపు స్టాఫ్‌కి ఇచ్చే ‘సోషల్ ఇంటెలిజెన్స్’ ట్రైనింగ్: డబ్బు పెట్టొచ్చా?

మనుషుల్ని అర్థం చేసుకుని వాళ్లతో నేర్పుగా మెలగడం నేర్పే ట్రైనింగ్ ఇది. ముందే చెప్పేస్తాను. పెట్టొచ్చు, కానీ ఓనరు కూడా స్టాఫ్‌తో పాటు కూర్చుంటేనే. ఆయన పొద్దున్న వచ్చి దీపం వెలిగించి టీ తాగి వెళ్లిపోయేటట్టయితే ఈ ట్రైనింగ్ సగానికి సగం వృథా. మా దగ్గర అదే జరిగింది, ఆ మిగిలిన సగం ఎలా దక్కిందో కూడా కింద రాస్తాను.

నేను ఒడిశాలోని మా బరంపురంలో బడా బజార్ వైపు ఒక పెద్ద బట్టల షాపులో క్యాష్, అకౌంట్స్ చూస్తాను. షాపు పేరూ, ట్రైనింగ్ ఇచ్చినవాళ్ల పేరూ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే అమ్మాయి ఇంకా అక్కడే పనిచేస్తోంది. మా షాపులో స్టాఫ్ సగం తెలుగువాళ్లం, సగం ఒడియావాళ్లు. కస్టమర్లూ అంతే, ఇటు ఛత్రపురం, భంజనగర్ నుంచి ఎంతమంది వస్తారో అటు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచీ అంతమంది వస్తారు. బరంపురం పట్టు నేసే డేరా కుటుంబాల పూర్వీకులు రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఈ ఊళ్లో చీరల వ్యాపారంలో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. నేను చెప్పబోయే గొడవ భాష వల్ల వచ్చిందని ఎవరైనా అనుకుంటారేమో, అందుకే చెప్తున్నా. ఏడిపించిన మనిషీ తెలుగే, ఏడ్చిన పిల్లా తెలుగే.

అసలు ఏం జరిగేదంటే, పట్టు కౌంటర్‌లో ఒక సీనియర్ సేల్స్ ఆవిడ ఉంది. అమ్మడంలో ఆవిడకి సాటి ఎవరూ లేరు, ఇది నేను మనస్ఫూర్తిగానే అంటున్నా. కస్టమర్ గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆవిడకి తెలిసిపోతుంది వీళ్లు కొనేవాళ్లా చూసిపోయేవాళ్లా, డబ్బు ఎవరి దగ్గరుంది, మాట ఎవరిది చెల్లుతుంది అని. పెళ్లికూతురు ఒక చీర మీద చెయ్యి వేసి తీసేస్తే, తల్లి మొహం చూసి, రేటు ఎక్కువైందని గ్రహించి, అడక్కుండానే అదే రంగులో తక్కువ రేటుది తీసి పరుస్తుంది. అంత చురుకైన చూపు.

కొత్తగా చేరిన అమ్మాయిది ఇచ్ఛాపురం వైపు. రోజూ బస్సులో వచ్చి వెళ్తుంది, ఇరవై దాటి ఎక్కువ కాలేదు, నోట్లో నాలుక లేని పిల్ల, ఒడియా అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడుతుంది. సీనియర్ ఆవిడ ఈ పిల్లని ‘మా చెల్లి’ అనే పిలుస్తుంది. ఆ పిలుపుతోనే కస్టమర్ల ముందు, ‘పాపం కొత్తదమ్మా, దీనికి రేట్లు తెలీవు, ఇలా రండి నేను చూపిస్తా’ అంటుంది. అంతే, అప్పటిదాకా అరగంట నిలబడి చీరలు విప్పి చూపించిన పిల్ల పక్కకి జరగాలి, బిల్లు ఆవిడ పేరు మీద పడుతుంది, ఇన్సెంటివ్ ఆవిడకి వెళ్తుంది. విప్పిన చీరలన్నీ మడతపెట్టే పని మాత్రం ఈ పిల్లది. పట్టుచీర మడత అంటే మాటలు కాదు, పాత మడత మీదే మళ్లీ మడత పడితే జరీ ఆ గీత దగ్గర విరుగుతుంది, అందుకని కాస్త జరిపి, మధ్యలో కాగితం పెట్టి మడవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో, రెండేళ్లకోసారి జరిగే మా ఊరి ఠాకురాణీ జాతర వచ్చిన ఏడాది ఇంకా చెప్పక్కర్లేదు, రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించే వేళ కూడా ఆ పిల్ల ముందు చీరల గుట్ట అలాగే ఉండేది, ఆఖరి బస్సు టెన్షన్ ఒకవైపు, గుట్ట ఒకవైపు.

పైగా మిగతా స్టాఫ్. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, కానీ సీనియర్ ఆవిడ నవ్వితే నవ్వుతారు. ఆ పిల్ల ఒడియా మాట్లాడే తీరుని అనుకరించి చూపించడం, భోజనాలకి కూర్చున్నప్పుడు ఆమె రాగానే మాట ఆపేయడం, డ్యూటీ టైమింగ్ మారిందన్న మెసేజ్ పెట్టిన వాట్సాప్ గ్రూప్‌లో ఆమెని చేర్చకపోవడం, మర్నాడు లేటుగా వచ్చిందని మాట పడనివ్వడం. దేన్నీ పట్టుకుని ఇదిగో వేధింపు అని చూపించలేం. మన పెద్దవాళ్లు పొమ్మనలేక పొగపెట్టడం అంటారే, సరిగ్గా అది. నేను ఓనరుగారి చెవిన ఒకటికి రెండుసార్లు వేశాను. ‘ఆడవాళ్ల మధ్య ఇవి మామూలే అమ్మా, సర్దుకుంటారు’ అన్నారు. తర్వాత ఆ పిల్ల నిజంగానే మానేస్తానని చెప్పేసరికి, అంతకుముందు ఇద్దరు ముగ్గురు కూడా అదే కౌంటర్ నుంచి మానేసిన సంగతి ఆయనకి గుర్తొచ్చి, ఎవరో స్నేహితుడు చెప్పగా ఈ ట్రైనింగ్ బుక్ చేశారు.

ఇక ట్రైనింగ్ సంగతి. ఒక రోజు ప్రోగ్రామ్, పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా. మనిషికి 1,200 రూపాయలు, భోజనం, రెండుసార్లు టీ కలిపి. షాపు సెలవు రోజున పెట్టించుకున్నాం. హాలు ఏసీ, కుర్చీలు బాగున్నాయి, భోజనంలో డాల్మా, అన్నం, టమాటా ఖట్టా, పాపడ్, అన్నీ వేడివేడిగా పెట్టారు, వంక పెట్టడానికి లేదు. ట్రైనర్లు ఇద్దరు. పెద్దావిడ భువనేశ్వర్ నుంచి, ఒడియా ఇంగ్లిష్ కలిపి మాట్లాడతారు. రెండో ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, తెలుగులో చెప్పేది ఆయనే, మనసులో మాట పట్టుకునేదీ ఆయనే.

పొద్దుటి సెషన్ చాలా బాగుంది. థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1920లోనే తెలివిని మూడు రకాలుగా విడదీసి చెప్పాడట: లెక్కలూ ఆలోచనలూ చేసే తెలివి ఒకటి, యంత్రాలతో వస్తువులతో పనిచేసే తెలివి ఒకటి, మనుషుల్ని అర్థం చేసుకుని వాళ్లతో నేర్పుగా మెలిగే తెలివి ఒకటి. మూడోదే సోషల్ ఇంటెలిజెన్స్. ఇక్కడిదాకా ఏ ట్రైనింగ్‌లోనైనా చెప్తారు. శ్రీకాకుళం ఆయన అక్కడ ఆగలేదు. ‘షాపుల్లో తోటివాళ్లని సతాయించేవాళ్లకి ఈ తెలివి తక్కువ అనుకుంటాం, చాలాసార్లు అందరికంటే వాళ్లకే ఎక్కువ ఉంటుంది’ అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ నేను ఓనరుగారికి చెప్పలేకపోయింది అదే. అరిచేవాడు, చెయ్యి చేసుకునేవాడు దొరికిపోతాడు. ఎవర్ని ఎక్కడ అంటే ఎక్కడ తగులుతుందో, ఎవరు తిరిగి అనలేరో, ఎవరి ముందు ఎలా నవ్వాలో తెలిసినవాళ్లు దొరకరు. కస్టమర్ మనసు చదివే ఆ చూపే ఈ పిల్ల బలహీనతనీ చదివింది.

ఇది ఆయన సొంత కవిత్వం కాదు. ఇంటికొచ్చాక చదివాను. ఫిన్లాండ్‌లో బ్యోర్క్‌విస్ట్ అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్లూ బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో, సోషల్ ఇంటెలిజెన్స్ ఎక్కువున్న పిల్లల్లో కొట్లాటల కంటే చాటుమాటు వేధింపు, అంటే పుకార్లు పుట్టించడం, జట్టులోంచి వెలివేయడం లాంటివి ఎక్కువ కనిపించాయి. ఎదుటివాళ్ల బాధ తనకీ తగిలే గుణం ఉన్నచోట మాత్రం దాదాపు అన్ని రకాల వేధింపూ తక్కువగా కనిపించింది. 2000లో వాళ్లు ఇదే విషయాన్ని తీసివేత లెక్కలా పెట్టి రాశారు: ఈ తెలివిలోంచి ఆ గుణాన్ని తీసేస్తే మిగిలేది దౌర్జన్యమేనా అని. కాబట్టి ‘మా స్టాఫ్‌కి సోషల్ ఇంటెలిజెన్స్ నేర్పండి’ అని అడిగే ఓనర్లు ఒక్క క్షణం ఆగాలి. ఎవరికి ఏది నేర్పుతున్నారో చూసుకోవాలి.

తర్వాత చేయించిన ఆటని నేను ఎప్పటికీ మర్చిపోను. ఐదారుగురు గుండ్రంగా నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉండాలి, బయట ఉన్న మనిషి లోపలికి వచ్చి వాళ్లలో కలవాలి. బయటివాళ్లకి తెలియకుండా లోపలివాళ్లకి ఒక మాట చెప్తారు: ఆమె రాగానే మాట ఆపేయండి, కళ్లలోకి చూడకండి, కాసేపాగి వేరే విషయం ఎత్తుకోండి. బయటికి పంపడానికి భువనేశ్వర్ మేడమ్ ఎంచుకున్నది మా సీనియర్ ఆవిడనే. కావాలని కాదు, మొదటి వరసలో కూర్చుంది, చురుగ్గా ఉంది, అందుకని. ఆవిడ తలుపు తోసుకుని నవ్వుతూ వచ్చింది, ‘ఏటే, ఏం చెప్పుకుంటున్నారు’ అంది. ఎవరూ పలకలేదు. ఒకమ్మాయి గోళ్లు చూసుకుంటోంది, ఒకతను ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. ఆవిడ ఒకరి భుజం మీద చెయ్యి వేసింది, ఆ మనిషి కదల్లేదు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గానీ పెదాలు వణకడం నాకు కనిపించింది. రెండు నిమిషాలు కూడా కాలేదు. ‘చాల్లే, మీ ఆటా మీరూ’ అని కుర్చీ దగ్గరికి వచ్చేసి సీసాలో నీళ్లు గటగటా తాగేసింది. శ్రీకాకుళం ఆయన వెంటనే పాఠం ఎత్తుకోకుండా అందర్నీ అలాగే కాసేపు కూర్చోనిచ్చారు. హాల్లో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. ఇచ్ఛాపురం పిల్ల మాత్రం ఆవిడ వైపే చూస్తోంది, కోపంగా కాదు, ఆ మొహంలో ఏముందో నేను చెప్పలేను.

ఇంకో మంచి విషయం, ఒక జాబితా ఇచ్చారు. స్వీడన్‌లో హైంజ్ లేమన్ అనే ఆయన 1980లలో, పనిచేసేచోట అందరూ కలిసి ఒకర్ని వేపుకు తినడం మీద పరిశోధన చేసి, అలాంటి చేతలు 45 రకాలు గుర్తించారు. మాట్లాడకుండా ఉండటం, మనిషి అక్కడ లేనట్టే ప్రవర్తించడం, పుకార్లు, గొంతునీ నడకనీ అనుకరించి వెక్కిరించడం, అర్థం లేని పనులు అంటగట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. వారానికి ఒక్కసారైనా, కనీసం ఆరు నెలల పాటు సాగితే దాన్ని ఆయన ఆ లెక్కలోకి తీసుకున్నారు. ఇదంతా బాధపడేవాళ్ల స్వభావంలోంచి పుట్టేది కాదు, పనిని పంచే తీరులోంచీ పైవాళ్లు పట్టించుకోకపోవడంలోంచీ పుట్టేదని కూడా ఆయనే గట్టిగా చెప్పారు. స్వీడన్ 1993లో దీనికి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చి బాధ్యత యజమాని మీద పెట్టింది. మనకి ఇప్పటిదాకా అలాంటి చట్టం లేదు. ఆడవాళ్లపై లైంగిక వేధింపుకి 2013 చట్టం ఉంది, పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట లోపలే కమిటీ ఉండాలి, చిన్న షాపులవాళ్లు జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. కానీ మాటలు ఆపేసి, గ్రూపులోంచి తప్పించి, చీరల గుట్ట ముందు కూర్చోబెట్టే వేధింపుకి ఏ కమిటీ దగ్గరికి వెళ్లాలి? ఈ ప్రశ్న నేను హాల్లోనే అడిగాను. ‘మీ షాపులోనే ఒక పద్ధతి పెట్టుకోవాలి’ అన్నారు మేడమ్. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం దాకా వస్తే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమని నంబరు రాయించారు, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడొచ్చు. సరిహద్దులో ఉండే మనలాంటివాళ్లకి ఇది చిన్న విషయం కాదు, బాధ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరికైనా సొంత భాషే నోటికొస్తుంది.

ఇప్పుడు నాకు నచ్చనివి. మధ్యాహ్నం సెషన్ మొత్తం ‘మీరు ఎలా మారాలి’ అనే దాని మీదే నడిచింది. ముందు మీరే నవ్వుతూ పలకరించండి, మాట పడితే మనసులో పెట్టుకోకండి, అందరితో కలుపుగోలుగా ఉండండి. ఇవన్నీ ఎవరికి చెప్తున్నారు? హాల్లో కూర్చున్నవాళ్లలో ఈ మాటలు శ్రద్ధగా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నది ఒక్క ఇచ్ఛాపురం పిల్ల. పొద్దున్న సమస్య పనిచేసే చోటుదని చెప్పి, మధ్యాహ్నానికి బరువంతా తీసుకెళ్లి బాధపడేవాళ్ల నెత్తిన పెడితే ఎలా? అక్కడితో ఆగినా బాగుండేది. మేడమ్ ‘ఎవరైనా తమ అనుభవం చెప్పాలి’ అంటూ ఆ పిల్లనే లేపి నిలబెట్టారు. ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది, ఎదురుగా సీనియర్ ఆవిడ, చుట్టూ రోజూ నవ్వే మనుషులు, ఏం చెప్తుంది? నేనే లేచి, ‘మేడమ్, ఇది అందరి ముందూ వద్దు’ అన్నాను. శ్రీకాకుళం ఆయనకి వెంటనే అర్థమై ‘కూర్చో అమ్మా’ అని మాట మళ్లించారు. ఇలాంటి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు అస్సలు చేయకూడని పని అది. మేకని పులి ముందు నిలబెట్టి నీ కష్టం చెప్పు అన్నట్టుంది. మర్నాడు అదే కౌంటర్‌లో అదే మనిషి పక్కన నిలబడాల్సింది ఆ పిల్లే కదా.

రంగుల క్విజ్ ఒకటి పెట్టారు, మీ స్వభావం ఎరుపా నీలమా అని, గంట పోయింది. స్లైడ్లు ఇంగ్లిష్‌లో, చేతికిచ్చిన కాగితాలు ఒడియాలో. మా తెలుగువాళ్లలో ఒడియా గడగడా మాట్లాడేవాళ్లున్నా చదవడం రానివాళ్లే ఎక్కువ, బరంపురంలో పనిచేసేవాళ్లకి ఈమాత్రం తెలియాలి. ఆఖర్న సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో.

మధ్యలో మేడమ్ వి.వి.గిరి గారి ప్రస్తావన తెచ్చారు, ఆయన 1894లో ఈ ఊళ్లోనే పుట్టారు కదా. రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు గానీ అంతకుముందు చాలా ఏళ్లు రైల్వే కార్మికుల సంఘాలతో పనిచేశారనీ, పనిచేసేచోట తగాదా వస్తే పైనుంచి తీర్పు రుద్దడం కంటే ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవడమే ముందు జరగాలని ఆయన పట్టుబట్టేవారనీ చెప్పారు. బాగుంది. కానీ రెండు పక్షాలూ కూర్చోవాలంటే ఓనరు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మా ఓనరుగారి కుర్చీ పదకొండింటి నుంచి ఖాళీయే.

అయినా మేలు జరిగిందన్నాను కదా. సాయంత్రం ఓనరుగారు లెక్క చూసుకోవడానికి వచ్చినప్పుడు శ్రీకాకుళం ఆయన పక్కకి తీసుకెళ్లి మాట్లాడారు, నేను బిల్లు కోసం దగ్గరే ఉన్నాను కాబట్టి విన్నాను. ఎవరి గురించీ చెడుగా చెప్పలేదు. ‘బాబూ, మీ ఇన్సెంటివ్ బిల్లు మీద పేరుని బట్టి ఇస్తున్నారా’ అని అడిగారు. అవునన్నారు. ‘అలాగైతే కొత్తగా వచ్చే ప్రతి మనిషీ పాతవాళ్ల జేబులో చెయ్యి పెట్టినట్టే కదా, ఎవరు రానిస్తారు’ అన్నారు. ఇంకొకటి, ‘మడతలు ఎవరు పెట్టాలో రాసి ఉందా’ అన్నారు. లేదు. ఈ రెండు ప్రశ్నలకే నేనైతే పూర్తి ఫీజు ఇస్తాను.

తర్వాతి నెల నుంచి పట్టు కౌంటర్ ఇన్సెంటివ్ మొత్తం కలిపి పంచడం మొదలైంది, సీనియారిటీని బట్టి సీనియర్ ఆవిడకి ఒక వాటా ఎక్కువ. చీర విప్పినవాళ్లే మడవాలని గోడ మీద కాగితం అంటించారు, తెలుగులో, ఒడియాలో. డ్యూటీ మార్పులు గ్రూప్‌లో కాక క్యాష్ కౌంటర్ దగ్గర బోర్డు మీద రాయడం నా పని. సీనియర్ ఆవిడ దేవతలా మారిపోయిందని నేను చెప్పను. ఇప్పటికీ మాటల్లో ముల్లు ఉంటుంది. కానీ పక్కవాళ్లు ఇదివరకటిలా నవ్వడం లేదు, నవ్వేవాళ్లు లేకపోయేసరికి అనడమూ తగ్గింది. ఇచ్ఛాపురం పిల్ల మానలేదు. అటువైపు నుంచి వచ్చే తెలుగు కస్టమర్లు కొందరు ఇప్పుడు ఆమెనే అడుగుతున్నారు. మొన్న ఒకరోజు ఆమె ఒడియాలో తడబడుతుంటే సీనియర్ ఆవిడే పక్కనుంచి మాట అందించింది, కస్టమర్ని మాత్రం లాక్కోలేదు.

నా మార్కులు ఐదుకి మూడున్నర. పొద్దుటి సెషన్‌కీ ఆఖరి పది నిమిషాలకీ ఐదు, మధ్యాహ్నానికి ఒకటి.

బుక్ చేసుకునేవాళ్లు ఫోన్‌లోనే ఇవి తేల్చుకోండి. ఎవర్నీ పేరు పెట్టి లేపకూడదని ముందే చెప్పండి, బాధపడే మనిషి ఎవరో వాళ్లకి రహస్యంగా చెప్తే ఆమె జోలికి వెళ్లకుండా చూసుకుంటారు. రంగుల క్విజ్ వద్దని చెప్పి ఆ గంట ఓనరుతో పని పంపకాల గురించి మాట్లాడమనండి. సీజన్‌లో పెట్టించుకోకండి, అలసిపోయిన మనుషులకి ఏదీ ఎక్కదు. నెల తర్వాత వాళ్లొచ్చి చూసి వెళ్లడానికి విడిగా డబ్బు అడుగుతారు, బేరమాడితే అది ఫీజులోనే కలుపుతారు. పర్లాకిమిడి, రాయగడ దాకా కూడా వస్తారట, రానుపోను ఖర్చులు మాత్రం పిలిచినవాళ్లవే. తెలుగు ట్రైనర్ కావాలని, కాగితాలు తెలుగులో ఇవ్వాలని పట్టుబట్టండి, మేం గట్టిగా అడిగాక మాకు తర్వాత పంపారు.